భయపడే ఆడదానికి విశ్వాసం లేదని ఎవరన్నారు?

పోయిన నెల మా స్త్రీల సమాజం ప్రార్థనలో ఒక చెల్లెలు లేచి నిలబడింది. ఆమె బిడ్డకు గుండెలో రంధ్రం ఉందని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. "నాకు చాలా భయంగా ఉందక్కా. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. నా కోసం ప్రార్థన చెయ్యండి" అంది. అంతే అంది. వెంటనే ముందు వరసలోంచి ఒక పెద్దావిడ, "అట్లా అనొద్దమ్మా. భయం అనే మాటే నోట్లోంచి రానివ్వకు. విశ్వాసురాలివై ఉండి నువ్వే భయపడితే ఎట్లా?" అంది. మిగతావాళ్ళు ఆమేన్ అన్నారు. నేను ఆ పిల్ల ముఖం చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. ప్రార్థన అయ్యాక టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆ పెద్దావిడ మంచిదే. ఎవరింట్లో చావైనా పెళ్ళైనా ముందుగా వచ్చి గిన్నెలు కడిగే మనిషి. ధైర్యం చెప్పాలనే ఆ మాట అంది. కానీ దాంతో ఆ పిల్ల నోరు మూతపడింది. ఇంటికి వెళ్ళి ఏం చేసి ఉంటుందో నేను ఊహించగలను. బాత్రూంలోకి వెళ్ళి, బకెట్ పెట్టి, నల్లా మొత్తం తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి ఉంటుంది. 2020లో నేను చేసింది అదే మరి.

ఆ రోజు ఆ మీటింగులో నేను కూడా నోరు తెరవలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ఇది. భయం వేయడం విశ్వాసం తక్కువై కాదు. ఆ భయాన్ని తీసుకుని ఎవరి దగ్గరికి వెళ్తామన్న దాంట్లోనే విశ్వాసం ఉంది. భయాన్ని దాచిపెట్టమని ఆడవాళ్ళకు నేర్పితే, మనం వాళ్ళను దేవుడి దగ్గరికి పంపట్లేదు, బాత్రూంలోకి పంపుతున్నాం.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఆ తర్వాత నా మాట తప్పో ఒప్పో మీరే చెప్పండి.

మేముండేది నాంపల్లి స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో. 2019 డిసెంబరులో మా ఆయన గొంతు బొంగురుపోయింది. క్రిస్మస్ కేరల్స్‌లో రాత్రంతా పాడి పాడి పోయిందనుకున్నాం. మిరియాల కషాయం, తేనె, అల్లం, ఆవిరి, అన్నీ అయ్యాయి. సంక్రాంతి సెలవులొచ్చినా గొంతు రాలేదు. అప్పుడు చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన సన్నని కెమెరా గొట్టంతో లోపల చూసి, ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. (అక్కలూ, ఈ ఒక్క మాట మాత్రం రాసి పెట్టుకోండి. బొంగురు గొంతు మూడు వారాలు దాటితే కషాయాలు ఆపి డాక్టరుకు చూపించాలి.)

రిపోర్టు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. జనవరి అంటే నాంపల్లి వాళ్ళకు నుమాయిష్ నెల. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ వైపు నుంచి రాత్రి పది దాకా మైకులు, పాటలు, జెయింట్ వీల్ ఎక్కిన పిల్లల కేకలు. మా వీధిలోంచి జనం కొత్త దుప్పట్లు, గాజుల డబ్బాలు పట్టుకుని నవ్వుకుంటూ పోతుంటారు. ఆ తొమ్మిది రాత్రులూ నేను పడుకుని ఆ పాటలన్నీ చివరిదాకా విన్నాను. పక్కన మా ఆయన కూడా నిద్రపోలేదని నాకు తెలుసు. నేను నిద్రపోలేదని ఆయనకూ తెలుసు. ఒక్క మాట మాట్లాడుకోలేదు.

స్వరపేటికలో కేన్సర్ అని వచ్చింది. మొదటి దశ కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదు, రేడియేషన్ చాలన్నారు. 33 సిట్టింగులు. వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు సెలవు. ముందు పళ్ళ డాక్టరుకు చూపించి రమ్మన్నారు, ఎందుకంటే రేడియేషన్ తర్వాత పళ్ళు తీయిస్తే దవడ మానడం కష్టమట. ప్లాస్టిక్ జల్లెడలాంటి మాస్కును వేడినీళ్ళలో మెత్తబరిచి ముఖానికీ మెడకూ అచ్చు తీశారు. రోజూ ఆ మాస్కును బల్లకు బిగించి, తల కదలకుండా చేసి, అప్పుడు కిరణాలు పెడతారు. ఫిబ్రవరి 17న మొదలైంది.

గుడిలో అందరికీ తెలిసింది. మంచి చేసినవాళ్ళు చాలామంది. డబ్బు ఇచ్చారు, ఆరోగ్యశ్రీ కాగితాల కోసం మాతో తిరిగారు. కానీ మాటలు మాత్రం ఒకే రకం. "భయపడకు సిస్టర్." "నీ ముఖంలో దిగులు కనపడకూడదు, అది సాక్ష్యం కాదు." ఒకావిడ ఫోన్ చేసి, ఇంట్లో ఎవరైనా దాచిన పాపం ఉందేమో చూసుకోమంది. ఇంకొకాయన, నిజమైన విశ్వాసముంటే ఆ కరెంటు పెట్టించుకోవడం మానేసి 40 రోజులు ఉపవాసం ఉండమన్నాడు. ఆయన మాట మేం వినలేదు. కానీ మిగతావాళ్ళ మాట మాత్రం నేను విన్నాను. ఆదివారం చీర మార్చుకుని, నవ్వు తగిలించుకుని, "ప్రభువే చూసుకుంటాడు" అనేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ అది సగం మాట. మిగతా సగం నల్లా కింద పోయేది.

మార్చి 19న మా పెద్దాడికి పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. దానికి ముందు రాత్రి నీళ్ళు ఇద్దామని వెళ్తే, వాడు పుస్తకం ముందు పెట్టుకుని గోడ చూస్తూ కూర్చున్నాడు. "ఏంట్రా?" అన్నాను. చాలాసేపటికి, "అమ్మా, నాన్న చచ్చిపోతాడా?" అన్నాడు. "ఇన్ని రోజులు ఎందుకు అడగలేదురా?" అన్నాను. "అడిగితే నాకు విశ్వాసం లేదంటావని" అన్నాడు.

అక్కలూ, డాక్టరు చెప్పిన మాటకన్నా నాకు ఆ మాటే పెద్ద దెబ్బ. పదిహేనేళ్ళ పిల్లవాడు తన తండ్రి గురించిన భయాన్ని రెండు నెలలు ఒక్కడే మోశాడు. అట్లా మోయడం నేనే నేర్పాను. నోటితో నేర్పలేదు, నా నవ్వుతో నేర్పాను.

ఆ రాత్రి వంటింట్లోకి వెళ్తే మా అత్తమ్మ గిన్నెలు బోర్లించి, దీపం తీసేసి, పీట మీద కూర్చుని ఎప్పటిలాగే పైకి మాట్లాడుకుంటోంది. ఆమె చదువుకోలేదు. వరసగా కూర్చి ప్రార్థన చేయడం రాదు. గుడిలో ఎప్పుడూ లేచి ప్రార్థించలేదు. "దేవుడా, నా కాళ్ళు వణుకుతున్నయ్. వాడు నా కొడుకు. నువ్వు కూడా కొడుకును పోగొట్టుకున్నోడివే, నీకు చెప్పాల్నా? రేపు ఆసుపత్రికి పంపిస్తున్న. నువ్వు కూడా వెంట పో" అంటోంది. అంతే. లేచి నన్ను చూసి, "రేపు వాడికి రాగి జావ పల్చగా కలుపు, నిన్న మింగలేకపోయిండు" అని వెళ్ళి పడుకుంది. ఐదు నిమిషాల్లో గురక.

ఇంట్లో అందరికన్నా ఎక్కువ విశ్వాసమున్న మనిషి ఆమె. కాళ్ళు వణుకుతున్నాయని దేవుడికి చెప్పిన ఒకే ఒక్క మనిషీ ఆమే.

మర్నాటి నుంచి మా కుటుంబ ప్రార్థన మార్చాం. పాట, వాక్యం తర్వాత ఒక్కొక్కళ్ళం ఆ రోజు దేనికి భయమేసిందో చెప్పాలి. పెద్దాడు తన మాట చెప్పాడు. ఎనిమిదేళ్ళ చిన్నది, నాన్న ఫోన్లో ఉన్న ఆ మాస్కు ఫొటో చూస్తే భయమంది. అప్పుడు మా ఆయన మొదటిసారి నోరు విప్పాడు. గొంతు రాదు కాబట్టి గుసగుసగానే. "నాక్కూడా ఆ మాస్కంటేనే భయం. బిగించి, తలుపు మూసి, అందరూ బయటికి వెళ్ళిపోతారు. ఆ కాసేపు నేనొక్కణ్ణే ఉంటాను. అంకెలు లెక్కపెట్టుకుంటా" అన్నాడు. చిన్నది వెంటనే, "ఎంత వరకు లెక్కపెడతావ్? మేము కూడా ఇక్కడ లెక్కపెడతాం" అంది. ఆ తర్వాత రోజూ ఆయన సిట్టింగు టైముకు మా ఇంట్లో ముగ్గురు అంకెలు లెక్కపెట్టారు. నా పెళ్ళయ్యాక మా ఇంట్లో జరిగిన అన్ని ప్రార్థనల్లో దేవుడు అదే శ్రద్ధగా విన్నాడని నా నమ్మకం.

మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ వెంటనే లాక్‌డౌన్. పెద్దాడి పరీక్షలు మూడు పేపర్ల తర్వాత ఆగిపోయాయి. మా ఆయనకింకా తొమ్మిది సిట్టింగులు మిగిలి ఉన్నాయి. ఆసుపత్రి చీటీ జేబులో పెట్టుకుని స్కూటర్ మీద వెళ్ళేవాళ్ళం. ప్రతి చౌరస్తాలో పోలీసులకు చూపించాలి. నాంపల్లి స్టేషన్ ముందు ఒక్క ఆటో లేదు. రైలు కూత లేదు. ఆబిడ్స్ జీపీవో దగ్గర పావురాలు తప్ప ఎవరూ లేరు. గన్‌ఫౌండ్రీ కెథెడ్రల్, సెయింట్ జార్జ్ చర్చి, మా గుడి, అన్నిటికీ గేట్లు వేసి ఉన్నాయి. ఏటా ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు ఏప్రిల్ 12న ఈస్టర్. డాబా మీద ఐదుగురం నిలబడి పాడుకున్నాం. గుళ్ళు తెరవడానికి జూన్ 8 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఈస్టర్ రోజు మా డాబా మీద నేనొకటి గమనించాను. మొదటి ఈస్టర్ రోజు కూడా అందరూ భయపడే ఉన్నారు. తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళు వణికిపోయారని మార్కు సువార్త చెప్తుంది. సాయంత్రానికి శిష్యులు తలుపులన్నీ మూసుకుని లోపల దాక్కున్నారని యోహాను సువార్త చెప్తుంది. యేసు ఆ మూసిన తలుపుల లోపలికే వచ్చాడు. ముందు ధైర్యం తెచ్చుకుని తలుపు తీయండి, అప్పుడు వస్తానని బయట నిలబడలేదు. వాళ్ళు భయంతో ఉన్న గదిలోకే వచ్చి సమాధానం పలికాడు. మనమేమో భయంతో వచ్చిన ఆడదాన్ని చూసి, భయం బయట వదిలి లోపలికి రమ్మంటున్నాం.

బైబిల్లో ఇట్లాంటివి వెతకక్కర్లేదు, ఎక్కడ తెరిచినా కనిపిస్తాయి. హన్నా గుడిలో గొంతు రాకుండా ఏడుస్తూ ప్రార్థిస్తే, యాజకుడైన ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. మందిరంలోనే ఒక ఆడదాని దుఃఖాన్ని పొరబడ్డారు చూడండి. కానీ తెలిశాక అదే ఏలీ ఆమెను దీవించి పంపాడు. ఏలీయా భయపడి అడవిలోకి పారిపోయి చచ్చిపోతానంటే, దేవుడు ముందు ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పెట్టించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లవాడికి తల్లి చేసేది అదే కదా. కీర్తనల్లో 88వది చదవండి. మొదటి నుంచి చివరి దాకా చీకటే. ముగింపులో కూడా వెలుగు రాదు. అయినా దాన్ని దేవుడి పుస్తకంలో ఉంచారు. ఇక గెత్సేమనే తోటలో ప్రభువే తన వేదన దాచుకోలేదు. స్నేహితులను కాస్త మెలకువగా తోడుండమని అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు. మన స్త్రీల సమాజాలు ఆ నిద్రలో ఉండకూడదని నా కోరిక.

"మరి భయపడకుడని దేవుడే అన్నిసార్లు చెప్పాడు కదా?" అని మీరు అడగొచ్చు. చెప్పాడు. ఎవరికి చెప్పాడు? భయపడుతున్నవాళ్ళకే చెప్పాడు. రాత్రి ఉరుముకు లేచి ఏడ్చే బిడ్డను ఒళ్ళోకి తీసుకుని "భయపడకు, నేనున్నా" అంటాం. అది ఆ బిడ్డను తిట్టడమా? ఆ మాటలో బలమంతా "నేనున్నా" అన్న దాంట్లోనే ఉంది. దాన్ని తీసేసి "భయపడకు" అన్న ముక్క ఒక్కటే పట్టుకుని ఒకరి మీద ఒకరం విసురుకుంటే అది రాయి అవుతుంది. మనం పక్కన ఉండే ఉద్దేశం లేకపోతే ఆ మాట అనే హక్కు కూడా మనకు లేదు.

ఇంకొందరు, భయాన్ని పైకి చెప్తే అది పెరుగుతుందంటారు. మా ఇంట్లో అయితే తగ్గింది. చెప్పుకున్నాక కూడా వారాల తరబడి నిద్ర, తిండి లేకుండా మనిషి క్రుంగిపోతుంటే డాక్టరుకు చూపించాలి. షుగరుకు మాత్ర వేసుకుంటే పోని విశ్వాసం, నిద్రకు మాత్ర వేసుకుంటే పోతుందా?

దేవుణ్ణి నమ్మడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా కాదు. మన దగ్గరే దానికి గుర్తు ఉంది. క్రిస్మస్ సెలవుల్లో మనలో ఎంతమంది బస్సు కట్టుకుని మెదక్ చర్చికి వెళ్తాం? రంగు అద్దాల ముందు ఫొటోలు దిగుతాం. అది ఎట్లా లేచిందో పిల్లలకు చెప్తామా? మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ప్రాంతమంతా కరువు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దగ్గరికి జనం ఆకలితో వచ్చారు. ఆయన వాళ్ళను ప్రార్థన చేసుకుని ఇంటికి పొమ్మనలేదు. గుడి కట్టే పని పెట్టి, ఆ పనికి తిండి పెట్టాడు. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగి, 1924 డిసెంబరు 25న ఆ గుడిని ప్రతిష్ఠించారు. అంటే మనం అంత గొప్పగా చూసే ఆ గోడలు ఆకలికి భయపడిన తల్లులు, తండ్రులు రాళ్ళు మోసి లేపినవి. భయం లేని మనుషులు కట్టిన గుడి కాదది. రేపు పిల్లలకేం పెట్టాలో తెలియని మనుషులు ఈ రోజు పని ఈ రోజు చేసి కట్టిన గుడి.

మా నాంపల్లిలో రెడ్ హిల్స్ మీదున్న నీలోఫర్ ఆసుపత్రి వెనక కూడా ఇట్లాంటి కథే చెప్తారు. నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోయిందట. ఇంకొక తల్లి అట్లా పోకూడదని ఆ రాణి పట్టుబట్టిందట. ఈ రోజు ఎన్ని ఊళ్ళ తల్లులు చంటిబిడ్డలను ఎత్తుకుని అక్కడికి వస్తారో మీరే చూడండి. దానికి దగ్గరలోనే ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి. ఆ రోడ్డు మీద చెట్ల కింద, గోడల పక్కన టిఫిన్ డబ్బాలతో కూర్చున్న ఆడవాళ్ళను నేను ఏళ్ళుగా చూస్తున్నాను. ఒకామె చేతిలో తస్‌బీ, ఒకామె కొంగుముడిలో కుంకుమ పొట్లం, ఒకామె సంచిలో చిన్న బైబిలు. ముగ్గురి కళ్ళలోనూ అదే భయం. పక్కపక్కనే కూర్చుని ఒకరి నీళ్ళ సీసా ఒకరికి ఇచ్చుకుంటారు. భయం గురించి వాళ్ళ దగ్గర నేర్చుకున్నంత నేను గుడిలో నేర్చుకోలేదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే మాట. మన సాక్ష్యాల సంగతి.

మా ఆయనకు నయమైంది. గొంతు కొంచెం గరుకుగా ఉంటుంది, పాటలో పై స్థాయి అందదు, పచ్చళ్ళ కారం పడదు. అంతే. గుళ్ళు తెరిచాక మమ్మల్ని ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. చప్పట్లు కొట్టారు. చెప్తున్నంతసేపూ నా కళ్ళ ముందు ఇంకొకామె కనిపించింది. రేడియేషన్ గది బయట బెంచీ మీద రోజూ నా పక్కన కూర్చునేది. నల్లగొండ వైపు పల్లె. ఆమె కూడా మన విశ్వాసమే. నాకంటే ఎక్కువ ప్రార్థించింది, నాకంటే ఎక్కువ ఉపవాసాలు ఉంది. మొదట్లో నాకు ధైర్యం చెప్పింది కూడా ఆమే. ఆ ఆగస్టులో ఆమె భర్త పోయాడు.

మా ఆయన బతకడం నా విశ్వాసానికి వచ్చిన బహుమతి అయితే, ఆమె భర్త పోవడం దేనికి వచ్చిన శిక్ష? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్ళను నేను నమ్మను. ఫోన్ చేసినప్పుడు ఏం మాట్లాడాలో తెలియక ఏడ్చాను. ఆమే అంది. "రోజూ ఆయన్నే అడుగుతున్న అక్కా, ఎందుకు తీసుకపోయినవని. జవాబు ఇంక రాలే. అయినా ఆయన్ని కాకుంటే ఎవర్ని అడగాలె?"

ఆమెను ఏ గుడిలోనూ సాక్ష్యానికి పిలవరు. మన సాక్ష్యాల వేళ గెలిచినవాళ్ళకే. బిడ్డకు ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది, గడ్డ కరిగింది. అవన్నీ సంతోషమే, చెప్పుకుందాం. కానీ మధ్యలో ఉన్న ఆడవాళ్ళ సంగతేమిటి? రిపోర్టు ఇంకా రాని ఆమె, కోర్టులో కొడుకు కేసు నడుస్తున్న ఆమె, తాగి వచ్చే భర్తతో రాత్రి ఎట్లా గడుస్తుందో తెలియని ఆమె, దేవుణ్ణి వదలకుండా ఆయన మీద కోపంగా ఉన్న ఆమె? వాళ్ళది ఇంకా ముగియని సాక్ష్యం. ముగింపు తెలియకుండా దేవుణ్ణి పట్టుకుని ఉండటం, ముగింపు తెలిశాక స్తుతించడం కన్నా కష్టం. ఆ కష్టం చేస్తున్నవాళ్ళనే మనం విశ్వాసం తక్కువైనవాళ్ళంటున్నాం.

అందుకని నేను మా స్త్రీల సమాజంలో అడగబోయేవి మూడే మూడు. మీ సమాజాల్లో కూడా అడగండి.

ఒకటి, నెలకొక్క మీటింగులోనైనా ముగియని సాక్ష్యాలకు పది నిమిషాలు ఇవ్వాలి. చెప్పిన దానికి ఎవరూ సలహా ఇవ్వకూడదు, వాక్యం అప్పజెప్పకూడదు. విని, పేరు పెట్టి ప్రార్థించాలి. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే పాడు చేశారు.

రెండు, "ప్రార్థిస్తాం సిస్టర్" అన్న ప్రతి మాటకు ఒక పని జత చేయాలి. ఆసుపత్రికి డబ్బా పంపడం, ఆమె పిల్లలను ఒక పూట మనింట్లో ఉంచుకోవడం, చదువు రానివాళ్ళకు ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర తోడు నిలబడటం. రేడియేషన్ రోజుల్లో ఒక అక్క వారానికి రెండుసార్లు సగ్గుబియ్యం జావ చేసి, గేటుకు తగిలించి, బెల్లు కొట్టి వెళ్ళిపోయేది. ఆమె నాకు ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. దేవుడు నన్ను మర్చిపోలేదని నాకు గట్టిగా తెలిసింది ఆ బెల్లుతోనే.

మూడు, వైద్యం మానేయమని ఎవరు చెప్పినా, వాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా, అక్కడికక్కడే కాదనాలి. మర్యాదగానే, కానీ అందరి ముందు. లూకాను వైద్యుడనే మనం పిలుచుకుంటాం. ఆ వైద్యుడు రాసిన సువార్త చదువుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దనడం ఏం విశ్వాసమో నాకు అర్థం కాదు.

ఇక ఆ చెల్లెలి సంగతి. మీటింగు అయిన మూడో రోజు ఆమె ఇంటికి వెళ్ళాను. పప్పుచారు, బీరకాయ కూర కేరియర్‌లో పెట్టుకుని వెళ్ళాను. తలుపు తీయగానే నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. "నవ్వక్కర్లేదులే" అన్నాను. నా భుజం మీద పడి ఏడ్చింది. నల్లా తిప్పకుండా ఏడ్చింది. చాలాసేపటికి, "అక్కా, నేను ఇట్లా భయపడితే నా బిడ్డకు ఏమన్నా అవుతుందా? దేవుడికి కోపం వస్తుందా?" అని అడిగింది. చూశారా, భయానికే భయపడుతోంది. ఆ రెండో భయం మాత్రం మనం పెట్టిందే.

మా అత్తమ్మ వంటింటి ప్రార్థన ఆమెకు చెప్పాను. ఇద్దరం ఆ బిడ్డ మంచం పక్కన కూర్చుని, మా కాళ్ళు వణుకుతున్నాయని దేవుడికి చెప్పాం. బిడ్డ నిద్రలో చెయ్యి కదిపింది.

ఆపరేషన్ వచ్చే గురువారం. ఏం జరుగుతుందో తెలియదు. ఆమెకు భయంగా ఉంది, నాకూ భయంగా ఉంది. ఆ పొద్దున ఐదింటికి నేను ఆమెతో పాటు ఆసుపత్రికి వెళ్తున్నాను. సంగతి చెప్తే ఆ ముందు వరస పెద్దావిడ కూడా కాసేపు మాట్లాడకుండా ఉండి, "నేనూ వస్తా, ఫ్లాస్కులో టీ తెస్తా" అంది. ప్రార్థనలో మీరు కూడా తలుచుకోండి.